అంటు మనిషిని రాయడం ఎలా

ఇంకొకరి చెయ్యి తెచ్చుకుని తన ఒంటికి కలుపుకునే మనిషి, ఎవరివో కళ్లతో లోకాన్ని చూసే మనిషి. ఇలాంటి పాత్ర పెట్టి కథ రాయాలని ఉందని నాతో అనే పిల్లలు ప్రతి సంవత్సరం కొందరు ఉంటారు. అనిమేలు చూసో గేములు ఆడో వాళ్లకు ఆ ఊహ వస్తుంది, రాసుకొచ్చి చూపిస్తారు కూడా. దాదాపు అన్నీ ఒకేలా మొదలవుతాయి: అర్ధరాత్రి, మార్చురీ, కత్తి, నెత్తురు. నాలుగో పేజీకి పాత్రకు ఆరు చేతులు వచ్చేస్తాయి, చదివేవాళ్లకు మాత్రం వాటిలో ఒక్కటీ గుర్తుండదు. నేను తిరుపతిలో పుట్టి పెరిగినదాన్ని, అందుకే వాళ్లను ముందు కొండ వైపు చూడమంటాను.

నీలాదేవి కథ మనకు చిన్నప్పుడే చెబుతారు. తలకు దెబ్బ తగిలిన చోట స్వామికి జుట్టు లేకుండా పోయింది. గంధర్వ రాజకుమారి నీలాదేవి అది చూసి ఓర్చుకోలేక, తన జుట్టులో కొంత కోసి అక్కడ అతికించింది. ఆ త్యాగానికి కరిగిపోయి, నా కొండకు వచ్చి భక్తులు ఇచ్చే తలనీలాలన్నీ నీకే చెందుతాయి అని స్వామి మాటిచ్చాడు. ఏడుకొండల్లో నీలాద్రి ఆమె పేరు మీద ఉన్నదే. అంటే కల్యాణకట్టలో కూర్చుని తల వంచే ప్రతి మనిషీ ఆ పాత బాకీలో ఒక వాయిదా కడుతున్నాడు. ఇన్ని తరాలైనా అది తీరలేదు. ఈ రకం పాత్రను రాయడానికి కావలసినదంతా నాకు ఈ ఒక్క కథలో కనిపిస్తుంది: అవయవం ఎవరిది, ఎలా వచ్చింది, దానికి బదులు ఏం ఇవ్వాలి. అతికించుకున్న ప్రతిదీ ఒక బాకీ అనుకుని రాయడం మొదలుపెట్టండి.

కాబట్టి మొదటి పని, అతికించుకునేవాణ్ణి కాసేపు పక్కన పెట్టి, ఆ అవయవం అసలు యజమాని గురించి ఒక పేజీ రాయండి. కథలోకి రాకపోయినా పర్వాలేదు, మీకు తెలియాలి. ఆ చెయ్యి పొద్దున లేచి ఏం చేసేది, దాని మీద కాలిన మచ్చ ఎక్కడిది, ఏ వేలికి ఉంగరం గుర్తు ఉంది, ఎవరికి అన్నం కలిపి పెట్టేది. వినాయక చవితి వ్రతకథ ఒకసారి ఈ దృష్టితో చదవండి. పిల్లవాడికి పెట్టిన ఏనుగు తల ఎవరిదో మన కథ మర్చిపోలేదు. గజాసురుడు చనిపోయే ముందు నా శిరస్సు మూడు లోకాలూ పూజించేలా చెయ్యి, నా చర్మం నువ్వు ధరించు అని శివుణ్ణి అడుగుతాడు. తల కొడుకుకు వెళ్లింది, తోలు తండ్రి ఒంటి మీదకు వెళ్లింది, చచ్చిపోయినవాడి కోరిక రెండు చోట్లా నెరవేరింది. కాణిపాకంలో క్యూలో నిలబడినప్పుడల్లా నాకు గజాసురుడు గుర్తొస్తాడు.

తర్వాత, ఎలా వచ్చిందో తేల్చుకోండి. ఇష్టంగా ఇచ్చిందా, కొన్నదా, దొంగిలించిందా, స్పృహ లేనప్పుడు ఎవరో అమర్చిందా. ఈ ఒక్క నిర్ణయం మీ పాత్ర స్వభావం మొత్తాన్ని మార్చేస్తుంది. నరుటో అనే అనిమే చూసిన పిల్లలకు నేను ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూపిస్తాను. కకుజు ఇతరుల గుండెలు లాక్కుని వాటితో ఆయుష్షు పెంచుకుంటాడు, అవి అతనికి సామాను. కకాషి ఎడమ కన్ను చనిపోతున్న స్నేహితుడు ఒబిటో ఇచ్చిపోయినది. అది అతని ఒంట్లో పూర్తిగా ఇమడదు, కావాలన్నప్పుడు ఆపుకోలేడు, వాడినకొద్దీ శక్తి పీల్చేస్తుంది, అందుకే ఎప్పుడూ కప్పి ఉంచుతాడు. కన్నేగా ఒక్కటి, అయినా చదివేవాళ్ల మనసులో అదే ఉండిపోతుంది, ఎందుకంటే ఆ కప్పిన గుడ్డ చూసినప్పుడల్లా ఇచ్చినవాడు గుర్తొస్తాడు.

ఇవ్వడం ఎలా రాయాలో తెలియాలంటే శ్రీకాళహస్తి మనకు గంట దూరమే. కన్నప్ప కథలో భక్తి ఎంతుందో అందరూ చెబుతారు, నేను మాత్రం పాదం గురించి చెబుతాను. లింగం కంటి నుంచి నెత్తురు కారుతుంటే తిన్నడు తన కన్ను పెకలించి పెట్టాడు, ఆగింది. రెండో కంటి నుంచీ నెత్తురు వచ్చింది. ఉన్న ఒక్క కన్నూ తీసేస్తే ఎక్కడ పెట్టాలో కనిపించదు కదా, అందుకని గుర్తు కోసం తన పాదాన్ని స్వామి కంటి దగ్గర ఆనించి పెట్టుకున్నాడు. చూడండి, అంత బాధలోనూ పని ఎలా పూర్తి చెయ్యాలా అని ఆలోచించే మనిషి అతను. మీ కథలో అతికించే సన్నివేశం వచ్చినప్పుడు నెత్తురు వర్ణన తగ్గించి ఇలాంటి ఒక్క పాదం వెతకండి.

ఇప్పుడు అతుకు దగ్గరకు వద్దాం, ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. మన వైపు దీనికి చక్కటి మాట ఉంది: అంటు. ఎల్డెన్ రింగ్ ఆడినవాళ్లకు గాడ్రిక్ తెలుసు, ఇతరుల చేతులు ఒంటికి అంటు కట్టుకుని చివరికి డ్రాగన్ తలను కూడా చేతికి తగిలించుకుంటాడు. ఆ గేములో వాడే మాట కూడా చెట్లకు అంటు కట్టడానికి వాడేదే. కాబట్టి ఒక ఆదివారం చిత్తూరు వైపు ఏ మామిడి నర్సరీకైనా వెళ్లి అంటు కట్టేవాళ్ల పక్కన కూర్చోండి. టెంక నాటి పెంచిన మొక్క ఒకటి, మంచి చెట్టు నుంచి కోసిన పుల్ల ఒకటి. రెండూ దాదాపు ఒకే లావు ఉండాలి. కోసిన చోట బెరడు కింది పచ్చి పొర పచ్చి పొరకు ఆనాలి, గాలి చొరకుండా ప్లాస్టిక్ రిబ్బన్‌తో బిగించాలి. పుల్ల తన గుణం మార్చుకోదు, కింద ఏ మొక్క ఉన్నా బంగినపల్లి పుల్లకు బంగినపల్లే కాస్తుంది. ఇంకోటి, అతుకు కింద నుంచి పాత మొక్క చిగుళ్లు వేస్తూనే ఉంటుంది, వాటిని గిల్లెయ్యకపోతే అదే పెరిగి పై కొమ్మను ఎండగడుతుంది. ఎవరు ఎవరిని తింటున్నారు అనే ప్రశ్న ఆ బుల్లి మొక్కలోనే ఉంది. మీ పాత్ర ఒంట్లో గిల్లాల్సిన చిగుళ్లు ఏమిటో ఆలోచించండి.

మాయ లేకుండా, డాక్టర్ల లోకంలో రాసేటట్లయితే కొన్ని లెక్కలు దగ్గర పెట్టుకోండి. తెగిన చెయ్యిని చల్లగా ఉంచకపోతే సుమారు 6 గంటల్లో కండ పనికిరాకుండా పోతుంది, చల్లగా ఉంచితే దాదాపు 12 గంటల దాకా చూడవచ్చు. నేరుగా ఐసులో వెయ్యకూడదు, తడి గుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి మూతి కట్టి, ఆ కవర్‌ను ఐసు మీద పెట్టాలి. నరం రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మణికట్టు దగ్గర అతికిస్తే వేలి కొసకు స్పర్శ రావడానికి ఆరేడు నెలలు, భుజం దగ్గరైతే రెండేళ్లు దాటవచ్చు. ఈ లెక్క కథకు బంగారం. చెయ్యి వచ్చింది, కనిపిస్తోంది, కానీ అందులో ఇంకా ఎవరూ లేరు. ఏడో నెలలో ఒక పొద్దున వేలి కొసకు స్టీలు గ్లాసు వేడి తగిలితే, ఆ పేజీ రాయడానికి మీ చెయ్యే ఆగదు. గుండెకైతే ఇంత తీరిక లేదు, తీసిన నాలుగైదు గంటల్లోపే అమర్చాలి. 2023 జనవరిలో విశాఖ నుంచి విమానంలో గుండెను రేణిగుంటకు తెచ్చి, రోడ్డంతా ఖాళీ చేయించి, తిరుపతి పద్మావతి హృదయాలయంలో ఒక పిల్లవాడికి అమర్చారు. పరాయి అవయవాన్ని ఒళ్లు శత్రువుగానే చూస్తుంది కాబట్టి దాన్ని శాంతపరిచే మందులు జీవితాంతం వేసుకోవాలి. మనసు కూడా అంతే. 1998లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో చెయ్యి మార్పిడి చేయించుకున్న ఒకాయన అది తనదనిపించక, మందులు మానేసి, 2001లో అడిగి మరీ తీయించేసుకున్నాడు. మరోవైపు, 2017లో కొచ్చిలో ఒక అమ్మాయికి మగవాడి చేతులు అమర్చితే, కొన్నేళ్లలో వాటి రంగు ఆమె చర్మం రంగుకు దగ్గరగా వచ్చింది. ఒకే పని, రెండు కథలు. మీ పాత్ర ఏ దారిలో వెళుతుందో రాసే ముందే నిర్ణయించుకోండి. మాయా కథైనా ఇలాంటి నియమం ఒక్కటైనా పెట్టుకుని చివరిదాకా దాన్ని తప్పకండి.

హంతకుడి చెయ్యి అతికిస్తే అది హత్యలు చేస్తుంది అనే కథ మాత్రం దయచేసి వద్దు. చెయ్యికి జ్ఞాపకం ఉండదు, జ్ఞాపకం చూసేవాళ్లకు ఉంటుంది. చేతిలో ఉండేది మచ్చ, కాయ, పచ్చబొట్టు. నేను రాస్తున్న కథలో ఇలా జరుగుతుంది. జాతర రోజుల్లో గంగమ్మ గుడి దగ్గర ఒకడు రెండు మూరల మల్లెపూలు కొంటున్నాడు, పూలమ్మే మునెమ్మ డబ్బులు తీసుకోబోయి ఆగిపోయింది.

“ఆ చెయ్యి ఒకతూరి ఇట్ల చాపు నాయనా.”

“ఎందుకమ్మా?”

“ఆ పచ్చబొట్టు మా చిన్నోడికి నేనే పొడిపించినా. తిరునాళ్లలో. ఒకటే ఏడుపు వాడు.”

అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆమె కూడా వదల్లేదు. ఇంతే రాశాను, ఒక్క విశేషణం కూడా వెయ్యలేదు, ఎన్నిసార్లు చదివినా నాకు అక్కడ గొంతు పట్టుకుంటుంది.

అతికాక ఆ మనిషి ఎవరు అన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. భేతాళ కథల్లో భార్య కంగారులో భర్త తల, ఇంకొకడి తల మార్చి పెట్టేస్తుంది, ఎవరు ఆమె భర్త అంటే శరీరానికి తలే ముఖ్యం, తల ఉన్నవాడే అని విక్రమార్కుడు జవాబిస్తాడు. నాకు ఆ జవాబు చాలదనిపిస్తుంది. ఎందుకంటే రేణుక కథ ఉంది. రేణుక తల, మాతంగి ఒళ్లు కలిసిపోయి దేవత అయిన కథ మన సరిహద్దు ఊళ్లన్నిటిలో చెబుతారు, తమిళనాడు వైపున్న గుడియాత్తంలో ప్రతి మే నెలలో అమ్మవారి శిరస్సును ఊరేగించి తెచ్చి మొండేనికి కలుపుతారు, తిరుపతి జాతరలో మాతంగి వేషం కడతారు. పై కులం తల, అందరూ దూరం పెట్టిన కులం ఒళ్లు. అంటు అనే మాటకు తెలుగులో ఇంకో అర్థం ఉంది, ముట్టుకోకూడదని మనుషుల్ని దూరంగా నెట్టిన అంటు. అదే మాటతో చెట్లను కలుపుతున్నాం. మీ కథలో అవయవాలు ఎవరి నుంచి వస్తున్నాయో ఒకసారి లెక్క చూసుకోండి, పేరు లేని కూలీలు, బిచ్చగాళ్లు, అడవిలో ఉండేవాళ్లు మాత్రమేనా? నిజ జీవితంలో కూడా అప్పుల్లో ఉన్న పేదవాళ్ల కిడ్నీల మీద పడ్డారు కాబట్టే 1994లో అవయవాల అమ్మకాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చారు. కథలో వాళ్లకు పేర్లయినా ఇవ్వండి.

ఇంకో జాగ్రత్త, ఇది నాకు మా మేనమామ నేర్పించాడు. ఆయన కుడి చేతి రెండు వేళ్లు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మిషన్‌లో పోయాయి, వాళ్లు మూడు నెలల జీతం చేతిలో పెట్టి ఇంటికి పంపేశారు. నా మొదటి కథలో విలన్‌కు ఒక చెయ్యి లేదు, ఆ కసితో అందరి చేతులూ నరుకుతాడు. మామ అది చదివి, “నాకు ఏళ్లు లేవని నేను ఎవురి ఏలూ అడగలేదు గదమ్మా” అన్నాడు. ఆ కథ చించేశాను. అవయవం లేకపోవడం వల్ల ఎవరూ రాక్షసులు కారు. మీ పాత్రకు ఆకలి ఇంకెక్కడి నుంచో రావాలి: భయం నుంచి, ముసలితనం నుంచి, అందరికన్నా పైన ఉండాలన్న పిచ్చి నుంచి. రాహువుకు ఒళ్లు లేదు, చంద్రుణ్ణి ఎన్నిసార్లు మింగినా మెడ దగ్గర బయటికి వచ్చేస్తాడు, అయినా మింగుతూనే ఉంటాడు. అలాంటి ఆకలి అన్నమాట.

సంఖ్య గురించి ఒక్క ముక్క. గేములో పదిహేను చేతులు ఒక్క చూపులో కనిపిస్తాయి, కాగితం మీద ఒక్కొక్కటే చెప్పాలి. మూడు దాటితే చదివేవాళ్లు లెక్క వదిలేస్తారు.

ముగింపు చాలామందికి టెన్షన్. పాత్రను చంపేసి చేతులు దులుపుకుంటారు. తిరిగి ఇవ్వడం గురించి కూడా ఆలోచించండి. దధ్యంచుడనే ఋషి, దేవవైద్యులైన అశ్వినులకు మధువిద్య అనే రహస్య విద్య నేర్పితే తల తీసేస్తానని ఇంద్రుడు బెదిరించాడు, అందుకని అశ్వినులు ఆయన తల తీసి దాచి గుర్రం తల పెట్టారు. ఆ గుర్రం నోటితోనే ఆయన విద్య చెప్పాడు, ఇంద్రుడు వచ్చి దాన్ని నరికాక దాచిన తల మళ్లీ పెట్టారు. కాణిపాకం పక్కన పారే బాహుదాకు ఆ పేరు రావడం కూడా ఇలాంటి కథే, రాజు నరికించిన లిఖితుడి చేతులు ఆ నీళ్లలో మునిగితే తిరిగి వచ్చాయంటారు. నా కథలో తిరిగి ఇవ్వడానికి మునెమ్మ కొడుకు లేడు. అందుకని అతను ప్రతి శుక్రవారం పొద్దున్నే వచ్చి ఆమె పక్కన కూర్చుని పూలు కడుతున్నాడు. ఆ చెయ్యికి పని తెలిసే ఉంటుందని ఇద్దరూ అనుకున్నారు, కానీ మొదటి మూర వంకరటింకరగా వచ్చింది. మునెమ్మ దాన్ని విప్పి, దారం అతని వేలికి చుట్టి, మళ్లీ మొదటి నుంచి చూపించింది.