బరువు బిడ్డది, మార్పు ఇంటిల్లిపాదిది

బిడ్డ బరువు వయసుకు మించి ఉందని తెలిసిన రోజున చాలా ఇళ్లలో మొదట చేసే పని, ఆ ఒక్క బిడ్డకు వడ్డన తగ్గించడం. తక్కినవారంతా ఎప్పటిలా తింటూ తన ఒక్కరికే ఆంక్షలు పెడితే పిల్లలు దాన్ని శిక్షగానే భావిస్తారు. దాచుకుని తినడం, తిన్నది చెప్పకపోవడం అక్కడే మొదలవుతాయి. అందువల్ల మార్పు ఇంట్లో అందరికీ ఒకేసారి వర్తించాలి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లెనార్డ్ ఎప్‌స్టీన్ బృందం 1990లో ప్రచురించిన పరిశీలనలో, తల్లిదండ్రులు కూడా తమతో పాటు అలవాట్లు మార్చుకున్న పిల్లలకు పదేళ్ల తర్వాత సైతం ఆ మేలు నిలిచి ఉన్నట్లు తేలింది.

అయితే కంటిచూపుతో నిర్ణయానికి రాకూడదు. పిల్లల బీఎంఐని (ఎత్తుకు బరువు ఎంత తగి ఉందో చూపే సూచికను) పెద్దల కొలమానంతో పోల్చరు. వయసును, ఆడా మగా అన్నదాన్ని బట్టి పిల్లల ఎదుగుదలను చూపే పట్టిక (గ్రోత్ చార్ట్)పై చూస్తారు. కాబట్టి ముందుగా పిల్లల వైద్యుని కలవాలి. నిద్రలో గట్టిగా గురక పెట్టడం, మెడ వెనుక చర్మం నల్లబడి మందంగా మారడం, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, నడకలో కుంటు, తుంటి లేదా మోకాలి నొప్పి, ఎత్తు పెరగకుండా బరువు మాత్రమే పెరగడం కనిపిస్తే ఆలస్యం చేయరాదు. ఎదిగే వయసు గనుక చాలామంది పిల్లలకు బరువు తగ్గడమే లక్ష్యం కానక్కరలేదు. బరువు నిలకడగా ఉండి ఎత్తు పెరిగితే బీఎంఐ తనంతట తానే దిగుతుంది. ఎవరికి ఏది తగునో వైద్యుడే చెప్పాలి.

ఆహారం కంటే ముందు సరిచేయవలసింది మాట అని నేను గట్టిగా నమ్ముతాను. ‘లావు’, ‘బొద్దు’ అంటూ ముద్దుగా పిలిచినా ఆ పేరు పిల్లల మనసులో గుచ్చుకుంటుంది. అక్కతోనో తమ్ముడితోనో పోల్చడం, నలుగురిలో తిండి గురించి హెచ్చరించడం, రోజూ బరువు చూడడం మానేయాలి. హేళనకు గురైన పిల్లలు సన్నబడరు. ఆటలకు దూరమై, బాధను తిండితో మరిచిపోవడానికి ప్రయత్నించే ప్రమాదం ఉంది. పెద్దలు తమ శరీరాన్ని తామే తిట్టుకోవడం కూడా పిల్లలు వింటారని గుర్తుంచుకోవాలి. ‘నువ్వు ఇది తినకు’ అనే బదులు ‘మనం ఇకనుంచి ఇలా తిందాం’ అంటే చాలు.

తినే విషయంలో పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ చెప్పిన బాధ్యతల విభజన ఎంతో ఉపయోగకరం. ఏమి, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలో పెద్దలు నిర్ణయిస్తారు. ఎంత తినాలో, అసలు తినాలో వద్దో బిడ్డ నిర్ణయించుకుంటుంది. కంచం ఖాళీ చేయమని బలవంతపెడితే కడుపు నిండిన సంగతిని గుర్తించే శక్తి మొద్దుబారుతుంది.

మార్పును తీపి పానీయాలతో ప్రారంభించడం మంచిది. 330 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. పండ్లలో, పాలలో సహజంగా ఉండేవి కాక, విడి చక్కెరల నుంచి రోజు శక్తిలో 10 శాతానికి మించి రాకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు 1,600 కేలరీలు అవసరమైన బిడ్డకు అది 40 గ్రాములు. అంటే ఒక్క డబ్బాతోనే ఆ హద్దు దాదాపు పూర్తవుతుంది. పండ్లరసంలోని చక్కెర కూడా ఈ లెక్కలోకే వస్తుంది కనుక పండును పండుగానే తినాలి, దాహానికి నీళ్లు తాగాలి. ఇంట్లోకి తేకపోతే వద్దనవలసిన అవసరమే రాదు. కొత్త కూరగాయను బిడ్డ తోసేస్తే బతిమాలకుండా, కొద్ది రోజుల విరామంతో మళ్లీ మళ్లీ పెట్టాలి. పది పదిహేనుసార్లు చూసిన తర్వాత ఇష్టపడే పిల్లలు ఎందరో. మిఠాయిని బహుమతిగా ఇవ్వడం, భోజనం చేసేటప్పుడు టీవీ, ఫోన్ చూడడం, ఈ రెండూ పెద్దలతో సహా అందరూ మానాలి. తాతయ్య, నానమ్మ రహస్యంగా ఏదైనా చేతిలో పెడుతుంటే వారిని తప్పుపట్టకుండా, ఆ ప్రేమను కథ చెప్పడంలోనో కలిసి నడవడంలోనో చూపమని అడగవచ్చు.

5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున కనీసం 60 నిమిషాల పాటు ఊపిరి వేగం పెరిగేంత శారీరక శ్రమ అవసరం. అదంతా ఒకేసారి చేయనక్కరలేదు. పదిహేను నిమిషాల వేగమైన నడక, సాయంత్రం ఆట, ఇంటిపని అన్నీ కలిసి లెక్కకు వస్తాయి. బరువైన పిల్లలు పరుగుపందెంలో వెనుకబడి సిగ్గుపడతారు కనుక ఈత, సైకిలు, నృత్యం వంటి వాటిలో వారికి నచ్చినదాన్ని వారినే ఎంచుకోనివ్వాలి, పక్కన పెద్దలు కూడా చేయాలి. నిద్ర తక్కువైతే ఆకలి పెరుగుతుంది: 6–12 ఏళ్లకు 9–12 గంటలు, 13–18 ఏళ్లకు 8–10 గంటలు పడుకోవాలి. రాత్రి ఫోన్లన్నీ, పెద్దలవి కూడా, పడకగదుల బయటే ఉంచాలి.

ఇవన్నీ ఒకే వారంలో మొదలుపెట్టవద్దు. ఒకటి రెండు మార్పులు ఎంచుకుని, అవి అలవాటైన తర్వాత అందరూ కూర్చుని ఏది సులువైందో, ఏది కష్టమైందో మొదట బిడ్డనే అడగాలి. తరువాతి మార్పును ఎంచుకునే అవకాశం కూడా ఆ బిడ్డకే ఇవ్వాలి.