పగిలిన చేపల తొట్టెను ఇంట్లోనే బాగుచేయడం

చేపల తొట్టె అద్దానికి పగులు కనిపించగానే చాలామంది సిలికాన్ ట్యూబు తెచ్చి పగులు పొడవునా పూసేస్తారు. నీరు కారడం ఆగినట్టే ఉంటుంది గాని, అద్దం కోల్పోయిన బలం తిరిగి రాదు. 60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. ఎత్తు ఉన్న ముందు అద్దం మీద నిండు తొట్టెలోని నీరు మొత్తంగా 27 కిలోల బరువుకు సమానమైన బలంతో నెడుతుంది; అదే 90 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. ఎత్తు అయితే అది 90 కిలోలు దాటుతుంది. ఆ బలాన్ని రబ్బరులా సాగే సిలికాన్ ఆపలేదు, గాజు మాత్రమే ఆపగలదు. కాబట్టి పగులు మీద లోపలి వైపు నుంచి మరో గాజు పలకను అతికించడమే అసలైన మరమ్మతు.

ముందుగా హీటరు, ఫిల్టరు, లైటు ప్లగ్గులు తీసేసి, ఆ తరువాతే నీటిలో చెయ్యి పెట్టాలి. తొట్టెలోని పాత నీటినే శుభ్రమైన ప్లాస్టిక్ టబ్బులో నింపి చేపలను అందులోకి మార్చి, గాలి పంపు అమర్చాలి. ఫిల్టరులోని స్పాంజిని కూడా ఆ టబ్బులోనే నడుస్తూ ఉండనివ్వాలి, ఎందుకంటే చేపల వ్యర్థాలను శుద్ధి చేసే బాక్టీరియా ఎండితే చనిపోతుంది.

తొట్టె ఖాళీ అయ్యాక అది నిజంగా పగులేనా అన్నది చూసుకోవాలి. రెండు అద్దాలు కలిసే మూలలో నీరు కారుతుంటే అది అతుకు లోపం; అక్కడి పాత సిలికాన్‌ను గీకి కొత్తది వేస్తే సరిపోతుంది. పగులు అడుగు అద్దంలో ఉన్నా, కొమ్మల్లా చీలి పాకినా, తొట్టె ఎత్తు 45 సెం.మీ. మించినా ఇంట్లో ప్రయత్నించవద్దని, అద్దాల దుకాణంలో ఆ పలకనే మార్పించమని గట్టిగా చెబుతాను. పక్క అద్దంలో ఒకే గీతగా ఉన్న చిన్న పగులుకే కింది పద్ధతి తగినది.

తొట్టె అద్దం ఎంత మందమో అంతే మందమున్న గాజు పలకను, పగులుకు అన్ని వైపులా కనీసం 5 సెం.మీ. ఎక్కువ వచ్చేలా కోయించి, అంచులు నూరించి తెచ్చుకోవాలి. పలకను లోపలే అతికించాలి. అప్పుడు నీటి ఒత్తిడే దాన్ని పగులు మీదికి అదుముతుంది, బయట అతికిస్తే అదే ఒత్తిడి దాన్ని ఊడదీస్తుంది. పగులు మూల దాకా పోయి ఉంటే, పలక ఆనుకునే మేర అక్కడి పాత సిలికాన్ కట్టును బ్లేడుతో తీసేయాలి, కొత్త సిలికాన్ పాతదాన్ని సరిగా పట్టుకోదు కనుక. ఆ చోటును అసిటోన్‌తోగాని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోగాని తుడిచి ఆరనివ్వాలి. సబ్బు వాడకూడదు, వేలిముద్ర కూడా పడకూడదు.

సిలికాన్ ఎంపికలోనే ఎక్కువ జాగ్రత్త అవసరం. స్నానాల గదులకూ సింకులకూ అమ్మే రకాల్లో బూజు రాకుండా కలిపే మందు చేపలకు విషం. పెట్టె మీద అక్వేరియం అని స్పష్టంగా రాసి ఉన్నదే కొనాలి; అది ఆరేటప్పుడు సాధారణంగా వెనిగర్ వాసన వస్తుంది కనుక కిటికీలు తెరిచి పని చేయాలి. ఎం-సీల్ వంటి రాయిలా గట్టిపడే ముద్దలు ఈ పనికి రావు, నీటి బరువుకు అద్దం కొద్దిగా వంగినా అవి విడిపోతాయి.

పగిలిన అద్దం కిందికి వచ్చేలా తొట్టెను మెత్తని గుడ్డ మీద పడుకోబెట్టి, పలక హద్దుల వెంట మాస్కింగ్ టేపు అంటించాలి. పగులు మీదా, పలక పరిచే చోటంతా సిలికాన్ పలచగా పరిచి, పలకను పెట్టి గాలి బుడగలు బయటికి పోయేలా మధ్య నుంచి అంచులకు మెల్లగా అదమాలి. అంచుల చుట్టూ మరో వరుస వేసి, తడి వేలితో ఒక్కసారి నునుపు చేసి, పైపొర కట్టకముందే టేపు లాగేయాలి.

ఈ సిలికాన్‌ను గట్టిపరిచేది గాలిలోని తేమ. అందుకే అది అంచుల నుంచి లోపలికి, రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున మాత్రమే బిగుస్తుంది. ఏసీ గదిలోని పొడి గాలిలో ఇంకా ఆలస్యమవుతుంది. పెట్టె మీద 24 గంటలని ఉన్నా, రెండు గాజుల మధ్య చిక్కుకున్న పొరకు అది చాలదు. కనీసం వారం, వీలైతే రెండు వారాలు ఆగాలి.

ఆపైన తొట్టెను వరండాలో సమతలమైన చోట థర్మోకోల్ షీటు మీద ఉంచి, కింద పాత కాగితాలు పరిచి, మొదటి రోజు పావు వంతు, రెండో రోజు సగం, మూడో రోజు పూర్తిగా నింపాలి. కాగితం ఎక్కడ తడిసినా ఆ నీరు పారబోసి, పలక తీసి మొదటి నుంచి చేయాలే తప్ప, పైపైన సిలికాన్ రాయకూడదు. కాగితం పొడిగా ఉంటే తొట్టెను పూర్తిగా ఖాళీ చేశాకే ఎత్తి స్టాండు మీదికి మార్చాలి. చేపలను వదిలిన తరువాత కూడా నీటి మట్టాన్ని పాతదాని కన్నా నాలుగైదు సెంటీమీటర్లు తక్కువగానే ఉంచి, బరువైన రాళ్లను ఆ అద్దానికి ఆనించకుండా సర్దుకోవాలి.