హ్యాగ్ ఫిష్ పిండం దొరికితే వెంటనే కత్తి పట్టకండి

డెవలప్‌మెంటల్ బయాలజీలోకి (పిండం ఎలా పెరుగుతుందో చూసే శాస్త్రంలోకి) వచ్చేవాళ్ళు చాలామంది జీబ్రాఫిష్ అనే చిన్న చేపతో మొదలుపెడతారు కదా, పొద్దున వెళ్తే ట్యాంకు నిండా గుడ్లు, ఒకటి పాడైతే ఇంకోటి. పాములా పొడవుగా, దవడల్లేకుండా ఉండే సముద్రపు జీవి హ్యాగ్ ఫిష్ దగ్గర ఆ అలవాటు అస్సలు పనికిరాదు. 1899లో బాష్‌ఫర్డ్ డీన్ అనే శాస్త్రవేత్త కాలిఫోర్నియా తీరంలో దొరికిన హ్యాగ్ ఫిష్ పిండాల మీద రాశాక వందేళ్ళపాటు ఈ పని దాదాపు ఆగిపోయింది, మళ్ళీ 2007లో జపాన్ రికెన్ సంస్థ నుంచి కిన్యా ఓటా, షిగేరు కురతాని వాళ్ళ పేపర్ వచ్చింది, అందులో ట్యాంకులో పెట్టిన గుడ్లు 92 అయితే పిండం కనపడినవి ఏడంటే ఏడే.

ఇంత కష్టం దేనికంటే, ఇప్పుడు బతికున్న దవడల్లేని వెన్నెముక జీవులు రెండే గుంపులు, ల్యాంప్రేలు, హ్యాగ్ ఫిష్‌లు. వీటి దారి మన దారి దాదాపు 50 కోట్ల ఏళ్ళ కిందట విడిపోయింది. వీటి పిండంలోనూ మన పిండంలోనూ ఒకేలా జరిగేది ఏదైనా ఉంటే అది మన ఉమ్మడి పూర్వీకుల్లోనే ఉండి ఉంటుందని చెప్పడానికి గట్టి ఆధారం అదే.

జాతి ఎంచుకునేటప్పుడు ఎప్టాట్రెటస్ బర్గెరి చూడండి. మిగతావి ఎక్కువగా లోతు సముద్రంలో ఉంటాయి, ఇది జపాన్ తీరంలో తక్కువ లోతులోనే దొరుకుతుంది, పైగా దీనికి గుడ్లు పెట్టే సీజన్ ఉంది. ఎర పెట్టిన బోనులతో పట్టుకోవాలి, చేత్తో గట్టిగా పట్టుకున్నారా బకెట్లో నీళ్ళన్నీ జిగురైపోతాయి, ఆ జిగురు వాటి మొప్పలకే అడ్డం పడుతుంది కాబట్టి వెంటనే నీళ్ళు మార్చండి. ట్యాంకు చల్లగా, చీకటిగా ఉంచి అడుగున ఇసుక వేయండి. గుడ్లు సాసేజ్ ఆకారంలో ఉంటాయి, రెండు కొసల్లో చిన్న చిన్న కొక్కేల కుచ్చులు, వాటితో ఒకదానికొకటి తగులుకుంటాయి. వారం చూసి పిండం లేదని పారేయొద్దు, నెలలు పడుతుంది, దయచేసి ఓపిక పట్టండి.

అసలు జాగ్రత్తంతా ఫిక్స్ చేసేటప్పుడే, అంటే పిండం చెడిపోకుండా, ఉన్న ఆకారం మారకుండా ద్రావణంలో నిలబెట్టేటప్పుడే. పెంకు మందం, అలాగే ద్రావణంలో వేస్తే లోపలికి సరిగ్గా దిగదు, పిండం ముడుచుకుపోతుంది. ముందు ఫొటో తీసి, కొలిచి, తర్వాత నిదానంగా పెంకు తెరిచి 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో పెట్టండి. ఇది చాదస్తం అనుకోకండి, ఎందుకంటే 1942లో కోనెల్ అనే పరిశోధకుడు పాత పిండాల సెక్షన్లు (పల్చగా కోసిన ముక్కలు) చూసి హ్యాగ్ ఫిష్‌లో న్యూరల్ క్రెస్ట్ (పిండం వీపు వైపు నాడీ గొట్టం అంచున పుట్టే కణాల గుంపు) సంచుల్లా ఏర్పడుతుందని రాశాడు, అంటే మనలో లాగా కణాలు విడిపోయి ఒంట్లో తిరగవు అని. దశాబ్దాలు అదే నడిచింది. ఓటా వాళ్ళు బాగా ఫిక్స్ చేసిన పిండాల్లో చూస్తే కణాలు విడిపోయి వెళ్తూనే ఉన్నాయి, న్యూరల్ క్రెస్ట్‌తో సంబంధమున్న పాక్స్, సాక్స్ జీన్లు కూడా మనలో లాగే పనిచేస్తున్నాయి. ఆ సంచులు ఫిక్స్ చేయడంలో వచ్చిన లోపమే. ఒక్క సీసాలో జరిగిన పొరపాటు పరిణామ చరిత్రనే తప్పుగా చెప్పించింది, నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది.

తర్వాత పారాఫిన్ మైనంలో పెట్టి మైక్రోటోమ్‌తో (పల్చగా కోసే యంత్రం) కోయాలి. వరసగా ఒకే స్లైడు మీద అంటించొద్దు, నాలుగు స్లైడ్లు పెట్టుకుని 1, 5, 9 సెక్షన్లు మొదటిదాని మీద, 2, 6, 10 రెండోదాని మీద, అలా పంచండి. అప్పుడు ఒక్క పిండంతోనే ఒక సిరీస్‌కి మామూలు రంగు వేసి, మిగతా మూడింటి మీద మూడు జీన్లకి ఇన్ సిటు (ఏ జీన్ ఎక్కడ పనిచేస్తోందో సెక్షన్ మీదే చూపించే పద్ధతి) చేసుకోవచ్చు. ప్రతి సెక్షన్‌కీ నంబర్ రాయండి, తర్వాత కంప్యూటర్లో త్రీడీ కట్టేటప్పుడు అదే ఆధారం.

పోల్చేటప్పుడు పెద్ద చేపలు పక్కపక్కన పెట్టి లాభం లేదు. 2013లో ఓయిసి అనే పరిశోధకుడు, ఆయనతో పనిచేసినవాళ్ళు చూపించారు, హ్యాగ్ ఫిష్ ముఖం, ల్యాంప్రే ముఖం పెద్దయ్యాక ఎంత తేడాగా ఉన్నా పిండంలో ఒక దశలో ఒకే నమూనాలో ఉంటాయి, ఆ దశ పట్టుకోవాలి.

ఇంకోటి, ఏదైనా కనపడకపోతే "ఇది మొదటినుంచీ లేదు" అని రాసేయకండి. వెన్నుపూసలు లేవనే కదా దీన్ని వెన్నెముక జీవుల్లోంచి పక్కన పెట్టింది, కానీ 2011లో తోక దగ్గర నోటోకార్డ్ (వీపు పొడవునా ఉండే మెత్తటి కడ్డీ) కింద చిన్న మృదులాస్థి ముక్కలు దొరికాయి, అంటే ఉన్నది తగ్గిపోయింది అన్నమాట. కాబట్టి సెక్షన్లు తల దగ్గర ఆపేయకుండా తోక చివరిదాకా కోయండి.