హెపటైటిస్-బి టీకా: హెచ్‌ఐవీ ఉన్నవారికి రక్షణ ఉందో లేదో చూసుకోవడం ఎలా

టీకా వేయగానే యాంటీబాడీలు తయారవ్వడానికి, ఆ జ్ఞాపకం నిలవడానికి సీడీ4 కణాల (ఒంటి రక్షణను నడిపే ఒక రకం తెల్ల రక్తకణాలు) సాయం కావాలి. హెచ్‌ఐవీ దెబ్బతీసేది సరిగ్గా వాటినే. కనుక మామూలు వాళ్లకు దశాబ్దాలు నిలిచే హెపటైటిస్-బి రక్షణ వీళ్లకు కొన్నేళ్లలోనే పలచబడొచ్చు, కొందరికి అసలు పట్టకనే పోవచ్చు. టీకా కార్డులో మామూలు కోర్సు మూడు తేదీలున్నంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదు.

ముందు హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష, అంటే ఒంట్లో హెపటైటిస్-బి వైరస్ ఉందో లేదో చెప్పే రక్తపరీక్ష చేయించాలి. పాజిటివ్ అయితే టీకాతో పని లేదు. అయితే ఇంకో జాగ్రత్త: హెచ్‌ఐవీకి రోజూ వేసుకునే టీఎల్‌డీ మాత్రలోని టెనోఫోవిర్, లామివుడిన్ హెపటైటిస్-బినీ అణచిపెడతాయి. పండక్కనో, కూలికి దూరం పోయామనో మాత్ర ఆపేస్తే కాలేయం ఒక్కసారిగా దెబ్బతినొచ్చు.

నెగటివ్ అయితే 0, 1, 2, 6 నెలలకు నాలుగు డోసులు, ఒక్కోటి 40 మైక్రోగ్రాములు. అంటే పెద్దల 20 మైక్రోగ్రాముల వయల్స్ రెండేసి. జబ్బకే వేయించుకోవాలి, పిరుదుకు వేస్తే సరిగా పట్టదు. మధ్యలో డోసు తప్పితే మళ్లీ మొదటికి రానక్కర్లేదు, ఆగిన చోట నుంచే కొనసాగించాలి.

మందుల షాపులో కొని తెచ్చుకుంటే, ఒడిశాలో రాయగడలోనో గుణుపురంలోనో బస్సెక్కేవారు ఎక్కువగా చేసే పొరపాటు సీసాను నేరుగా ఐసుకు ఆనించడం. ఈ టీకా గడ్డకడితే పాడైపోయినట్టే. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఐస్‌ప్యాక్‌కూ సీసాకూ మధ్య గుడ్డ ఉండాలి. గడ్డకట్టిన సీసాను ఊపి నిలబెడితే పాలలాగా కలవదు, పొలుసులు అడుగుకు చేరతాయి. అలాంటిది వేయించుకోవద్దు.

చివరి డోసు తర్వాత 1-2 నెలలకు యాంటీ-హెచ్‌బీఎస్ టైటర్, అంటే రక్తంలో రక్షణ యాంటీబాడీలు ఎంతున్నాయో కొలిచే పరీక్ష చేయించాలి. ల్యాబ్‌లో ఈ పేరు తడబడుతుంది: చాలామంది హెచ్‌బీఎస్‌ఏజీ చేసి "నెగటివ్, బాగుంది" అనేస్తారు. అది జబ్బు లేదని చెప్పేదే తప్ప రక్షణ ఉందని కాదు. టీకా వేసిన రెండు మూడు వారాల్లోపు ఆ పరీక్ష చేస్తే టీకా మందే పాజిటివ్‌గా కనిపించి బెంబేలెత్తించొచ్చు కూడా. టైటర్ 10 (mIU/mL) లేదా ఆపైన ఉంటే పట్టినట్టు. తక్కువుంటే మళ్లీ కోర్సు. సీడీ4 బాగా తక్కువగా ఉన్నప్పుడు వేసిన టీకా అయితే, ఏఆర్‌టీతో (హెచ్‌ఐవీ మందుల చికిత్సతో) సీడీ4 లెక్క 200 దాటి నిలిచాక మళ్లీ వేయొచ్చా అని డాక్టరును అడగండి. పట్టినవారు ఏడాదికోసారి టైటర్ చూసుకుని, 10 కన్నా దిగితే బూస్టర్ వేయించుకోవాలి.

టైటర్ తేదీ, అంకె, ఆనాటి సీడీ4 ఏఆర్‌టీ పుస్తకంలో ఒకే వరసలో రాయించండి. పర్లాకిమిడిలో వేసిన ఒడియా అంకెలు శ్రీకాకుళం నర్సమ్మకు చదవడం రాకపోవచ్చు. 1, 2, 3 అంకెల్లోనే అడిగి రాయించుకోండి.

మిగతావి తేలికే. ఫ్లూ టీకా ఏటా, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) పదేళ్లకోసారి. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) లాంటి బతికున్న వైరస్ టీకాలు సీడీ4 200 లోపు ఉన్నవారికి వద్దు. కుక్క కరిచినప్పుడు మాత్రం హెచ్‌ఐవీ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి: వీళ్లకు చిన్న గీత పడినా రేబిస్ టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల మందు) కూడా అవసరం కావొచ్చు. వార్డంతా వినేలా చెప్పనక్కర్లేదు. 2017 హెచ్‌ఐవీ చట్టం మీ వివరాలు గోప్యంగా ఉంచమంటుంది.