కాలమ్‌లో కార్బన్-కార్బన్ ప్యాకింగ్: ఎంపిక, బిగింపు, నిర్వహణ

డిస్టిలేషన్ కాలమ్ అంటే పైనుంచి దిగే ద్రవం, కిందినుంచి లేచే ఆవిరి కలుసుకుంటూ పదార్థాలు వేరయ్యే నిలువు గొట్టం. ఆ కలయికకు ఉపరితలం ఇచ్చేలా లోపల పేర్చే ముడతల రేకులే ప్యాకింగ్. మరిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్ ముందు స్టెయిన్‌లెస్ స్టీల్ నిలవదు. పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) నిలుస్తుంది గానీ, వేడికి మెత్తబడి తన బరువుకే కుంగుతుంది. పైగా దాని మీద ద్రవం పొరగా పరచుకోదు, బొట్లుబొట్లుగా జారిపోతుంది. సిరామిక్ బరువెక్కువ, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ తగిలితే తినుకుపోతుంది. టాంటలం చాలా ఖరీదు, హైడ్రోఫ్లోరిక్‌కు అదీ ఓర్చుకోదు. ఇలాంటి చోట్ల పనికొచ్చేది కార్బన్-కార్బన్ ప్యాకింగ్. కార్బన్ ఫైబర్ గుడ్డను రెసిన్‌తో తడిపి, ముడతల రేకులుగా మలిచి, గాలి తగలకుండా కాల్చి రెసిన్‌ను కూడా కార్బన్‌గా మార్చేస్తారు. నారా కార్బనే, నారను పట్టి ఉంచేదీ కార్బనే.

కొనేటప్పుడు మొదట తేల్చుకోవలసింది ఇదే: ఆ రెసిన్‌ను కాల్చారా, లేదా? కాల్చకుండా వదిలేసినదీ నల్లగానే ఉంటుంది, చేతికీ అలాగే తగులుతుంది. కానీ దాని ఉష్ణోగ్రత హద్దు, రసాయనాల హద్దు రెసిన్‌వే తప్ప కార్బన్‌వి కావు. ఏది పంపుతున్నారో కాగితం మీద రాయించుకోండి.

మీ ద్రవానికి సరిపోతుందా?

హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఏ గాఢతలోనైనా మరిగేదాకా పరవాలేదు. హైడ్రోఫ్లోరిక్, ఫాస్ఫారిక్, సజల సల్ఫ్యూరిక్, చాలా క్లోరినేటెడ్ ఆర్గానిక్స్ కూడా సమస్య కాదు. దీని అసలు శత్రువులు ఆక్సిడైజర్లు, అంటే ఎదుటి పదార్థాన్ని ఆక్సీకరించేవి: నైట్రిక్, క్రోమిక్, వేడి గాఢ సల్ఫ్యూరిక్, హైపోక్లోరైట్, బ్రోమిన్, ఫ్లోరిన్. గాలిలోని ఆక్సిజన్ కూడా సుమారు 400 °సె. దాటితే కార్బన్‌ను నెమ్మదిగా కాల్చడం మొదలుపెడుతుంది. తడి క్లోరిన్ ఉంటే పరీక్ష చేయకుండా ముందుకు వెళ్లకండి.

చాలా ప్లాంట్లలో ప్రధాన ద్రవాన్ని చూసుకుంటారు, ఫీడ్‌లో (కాలమ్‌కు ఇచ్చే ద్రవంలో) అప్పుడప్పుడు వచ్చే కొద్దిపాటి ఆక్సిడైజర్‌ను మరచిపోతారు. అందుకే అదే ప్యాకింగ్ ముక్కల్ని నడుస్తున్న ప్రాసెస్ ద్రవంలో కొన్ని వారాలు ఉంచి బరువు తూచాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ పదార్థానికి సన్నటి రంధ్రాలుంటాయి, ముక్క యాసిడ్‌ను పీల్చుకుంటుంది. బయటికి తీసి నీళ్లతో కడిగి వెంటనే తూచితే బరువు పెరిగినట్టే కనిపిస్తుంది, జరిగిన నష్టం దాగిపోతుంది. నీళ్లు మార్చి మార్చి నానబెట్టి, పీహెచ్ స్థిరపడ్డాక 110 °సె. దగ్గర బరువు మారనంతవరకూ ఆరబెట్టి, అప్పుడు తూచండి. రేకు అంచులు నారలు లేచినట్టుంటే, బరువు పెద్దగా తగ్గకపోయినా ఆ ద్రవానికి ఇది వద్దు.

తేలికతనం తెచ్చే చిక్కు

ఘనపు మీటరుకు 250 చదరపు మీటర్ల ఉపరితలమున్న ప్యాకింగ్‌ను తీసుకోండి. రేకుకు రెండు వైపులా లెక్కలోకొస్తాయి కాబట్టి అసలు రేకు 125 చదరపు మీటర్లు. మందం 0.4 మి.మీ., సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.5 గ్రాములు అనుకుంటే ఘనపు మీటరు ప్యాకింగ్ 75 కిలోలు తూగుతుంది. అంటే మీటరు ఎత్తు బెడ్ (పేర్చిన ప్యాకింగ్ దొంతర) తన కింద వేసే ఒత్తిడి సుమారు 7.4 మిల్లీబార్లు. కాలమ్ ఫ్లడ్ అయ్యేటప్పుడు, అంటే ఆవిరి జోరుకు ద్రవం కిందికి దిగలేక నిండిపోయేటప్పుడు, ప్రెజర్ డ్రాప్ (బెడ్ కింద, పైన ఉండే పీడనాల తేడా) మీటరుకు 10 మిల్లీబార్ల దరిదాపుల్లో ఉంటుంది. రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం అర్థమవుతుంది: రీబాయిలర్‌లో (కాలమ్ అడుగున ద్రవాన్ని మరిగించే పరికరంలో) ఒక్కసారి ఆవిరి ఎగదన్నితే బెడ్ లేచిపోగలదు. పైన హోల్డ్‌డౌన్ గ్రిడ్ (బెడ్‌ను అదిమి పట్టే జాలీ) తప్పనిసరి. దాన్ని బెడ్ మీద ఊరికే పరిచి వదిలేయకుండా గోడకున్న లగ్‌లకు కట్టాలి. స్టీల్ ప్యాకింగ్ తన బరువుతోనే ఎంతో కొంత నిలబడుతుంది, దీనికి ఆ బలం లేదు.

లోహంతో తాకిడి, గోడతో సందు

కార్బన్ విద్యుత్తును ప్రవహింపజేస్తుంది, గాల్వానిక్ వరసలో (ఏది ముందు తినుకుపోతుందో చెప్పే వరసలో) ఉత్తమ లోహాల పక్కన ఉంటుంది. యాసిడ్‌లో తడిసి ఉన్నప్పుడు స్టీల్ గ్రిడ్‌కో అల్యూమినియం క్లిప్‌కో ఆనుకుంటే లోహమే తినేయబడుతుంది. సపోర్ట్ గ్రిడ్, హోల్డ్‌డౌన్, క్లిప్‌లు కార్బన్-కార్బన్, గ్రాఫైట్, సిలికాన్ కార్బైడ్‌లలో ఒకదానివి అయితే మంచిది. లోహం తప్పకపోతే మధ్యలో పీటీఎఫ్‌ఈ పట్టీ వేయండి.

వ్యాకోచం సంగతి కూడా చూడాలి. మీటరు వ్యాసమున్న స్టీల్ షెల్ 150 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 1.8 మి.మీ. పెరుగుతుంది. కార్బన్-కార్బన్ పెరిగేది మిల్లీమీటరులో ఆరో వంతు. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా సరిపోయిన ప్యాకింగ్ చుట్టూ వేడిలో సందు ఏర్పడుతుంది, ద్రవం గోడ వెంట జారిపోతుంది. ప్రతి పొర చుట్టూ ఉండే వైపర్ కాలర్ పని ఆ ద్రవాన్ని లోపలికి మళ్లించడమే. కాలర్ లేని పొరను దింపనివ్వకండి.

దింపడం

డ్రాయింగ్‌తో పాటు పొరల లెక్క, ప్రతి పెట్టె మీది గుర్తులు సరిచూసుకోండి. అంచుల్లో చిన్న పెచ్చులు ఊడి ఉంటే పట్టించుకోనక్కర్లేదు. రేకులు పొరలుగా విడిపోయి ఉంటే ఆ ముక్కను పక్కన పెట్టండి.

కాలమ్‌కు గాజు లేదా పీటీఎఫ్‌ఈ లైనింగ్ ఉంటే స్పార్క్ టెస్ట్ (లైనింగ్‌లో చిల్లులను విద్యుత్తుతో పట్టే పరీక్ష) ప్యాకింగ్ వేయకముందే పూర్తి చేయాలి. వేశాక ఆ పరీక్షకు అర్థం ఉండదు. సపోర్ట్ గ్రిడ్ లెవెల్ చూసి, కాలమ్ నిటారుగా ఉందో లేదో, అంటే మీటరుకు 1 మి.మీ. మించి వాలలేదని, నిర్ధారించుకోండి. లోపలికి దిగే ముందు ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గలేదని కొలవండి, నైట్రోజన్ లైన్లకు బ్లైండ్లు (దారి మూసే పలకలు) వేయండి.

చిన్న కాలమ్‌లో పొర మొత్తం ఒకే ముక్కగా వస్తుంది. నైలాన్ స్లింగ్‌తో దింపండి, తీగ తాడు వద్దు, కొక్కేలు వద్దు. మ్యాన్‌హోల్ ద్వారా ముక్కలుగా పంపేటప్పుడు గోడల వైపు నుంచి మధ్యకు అమర్చుతూ రండి. ఆఖరి ముక్క బిగుతుగా ఉంటుంది, ఉండాలి కూడా. రెండు పలుచని ప్లాస్టిక్ షీట్లను ఇరుపక్కలా నిలబెట్టి వాటి మధ్యగా ముక్కను జార్చి, షీట్లు లాగేయండి. సుత్తితో కొడితే రేకు లోహంలా వంగి సర్దుకోదు, విరుగుతుంది. ఒక్కో పొరను కింది పొరకు 90 డిగ్రీలు తిప్పి పెట్టాలి. ప్రతి పొర తర్వాత పై నాజిల్ (గొట్టం కలిసే మూతి) నుంచి లోతు కొలిచి రాసుకోండి. మధ్యలో ఎక్కడో ఒక పొర సరిగ్గా కూర్చోలేదని తెలిపేది ఈ కొలతే.

ప్యాకింగ్ మీద నేరుగా కాలు పెట్టకూడదు. మందపాటి ప్లైవుడ్ పలక వేసి దాని మీదే నిలబడాలి. ముక్కను కోయాల్సి వస్తే కాలమ్ బయట, వాక్యూమ్ పెట్టి, డైమండ్ బ్లేడుతో కోయండి. ఆ దుమ్ము చర్మానికి గుచ్చుకుంటుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. విద్యుత్తును మోస్తుంది కాబట్టి దగ్గర్లోని ప్యానెల్‌లోకి చేరితే షార్ట్ అవుతుంది.

పైన డిస్ట్రిబ్యూటర్ (ద్రవాన్ని బెడ్ మీద సమంగా పంచే పరికరం) సరిగా లేకపోతే ఇంత శ్రమా వృథా. చదరపు మీటరుకు సుమారు 100 చుక్క స్థానాలుండాలి. మీటరు వ్యాసానికి 2 మి.మీ. లోపు లెవెల్ రావాలి. ట్యూబ్ లెవెల్‌తో (నీళ్లు నింపిన పారదర్శక గొట్టంతో) చూసుకుంటే చాలు.

మొదటిసారి నడపడం

డీమినరలైజ్డ్ నీటిని పైనుంచి పంపి, కింద నల్లదనం తగ్గేదాకా బయటికి వదలండి. మొదటి రోజుల్లో కార్బన్ పొడి వస్తూనే ఉంటుంది. అది రిఫ్లక్స్ లైన్‌లోకి (చల్లారి ద్రవమైన ఆవిరిని కాలమ్ పైకి తిరిగి పంపే గొట్టంలోకి) తిరిగి వెళ్తే డిస్ట్రిబ్యూటర్ రంధ్రాలు మూసుకుపోతాయి. స్ట్రెయినర్ (వడపోత జాలీ) కన్ను ఆ రంధ్రం వ్యాసంలో మూడో వంతు మించకూడదు. తర్వాత నైట్రోజన్‌తో గాలిని తరిమేసి, ముందు ద్రవంతో ప్యాకింగ్‌ను బాగా తడిపి, ఆ తర్వాతే ఆవిరిని మెల్లగా పెంచండి. మూడు వేర్వేరు లోడ్ల దగ్గర ప్రెజర్ డ్రాప్ నమోదు చేయండి. రేపు ఏదైనా తేడా వస్తే పోల్చి చూడటానికి ఉన్న ఆధారం అదొక్కటే.

తేడా వచ్చినప్పుడు

ప్రెజర్ డ్రాప్ మెల్లగా పెరుగుతుంటే మడ్డి పేరుకుంటోంది. ఉన్నట్టుండి ఎగిసి, వెంటనే పడిపోయి, ప్యూరిటీ కూడా పోతే బెడ్ లేచి ఉంటుంది. నెలల తరబడి తగ్గుతూ, ప్యూరిటీ జారుతూ, బాటమ్ స్ట్రెయినర్‌లో నల్లటి నారలు కనిపిస్తే రేకులు పలుచబడుతున్నాయి. అప్పుడు వెంటనే ఫీడ్‌లో ఆక్సిడైజర్ కోసం వెతకండి.

శుభ్రం చేయడానికి వేడి సాల్వెంట్, క్షారం, స్టీమ్ వాడవచ్చు. మిగతా పరికరాలకు అలవాటుగా వాడే నైట్రిక్ వాష్ ఈ కాలమ్‌లోకి ఎప్పుడూ రాకూడదు, ఆ వాల్వ్‌కు బ్లైండ్ వేసి ఉంచండి. హై ప్రెజర్ జెట్ కూడా వద్దు.

తెరిచే ముందు నైట్రోజన్ కిందే 50 °సె. లోపు చల్లార్చి, నీళ్లతో తడపండి. ఆర్గానిక్ మడ్డి పట్టిన ప్యాకింగ్ వేడిగా ఉండగా పై, కింది మ్యాన్‌హోళ్లు రెండూ తెరిస్తే కాలమ్ పొగగొట్టంలా గాలిని పైకి లాగుతుంది, మడ్డి లోపల్లోపలే రాజుకుంటుంది. తీసిన ముక్కల్లోంచి యాసిడ్ రోజుల తరబడి ఊరుతూ ఉంటుంది. కడిగినవే కదా అని ఒట్టి చేతులతో ముట్టుకోకండి, ఇనుప ట్రేలలో నిల్వ చేయకండి.