బి.బి. కింగ్‌లా ఒక్క స్వరాన్ని పలికించడం ఎలా

ముందు చేతులు కడుక్కోండి. మాటవరసకి అనడం లేదు. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాని. పొద్దున్నుంచీ కాయ పట్టి చూసిన వేళ్ళతో గిటార్ తీస్తే, స్ట్రింగ్ కోసిన చోటల్లా ఘాటు దిగి మంటెత్తుతుంది. మిరప ఘాటు నీళ్ళకి పోదు, నూనెకి వదులుతుంది. కొంచెం కొబ్బరినూనె రుద్ది, ఆ తర్వాత జిడ్డు మొత్తం పోయేదాకా సబ్బుతో కడగాలి. జిడ్డు మిగిలితే స్ట్రింగ్ మోగదు.

నేను గిటార్ పట్టింది మా ఊరి చర్చిలో. ప్రత్తిపాడు వైపు ఒక పల్లె. పాస్టర్ గారు మూడు కార్డులు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించే పట్లు) చూపించారు, ఆదివారం ఆరాధన వాటితోనే జరిగిపోయేది. మిగతా రోజుల్లో అమ్మ వెంట పత్తితీతకి వెళ్ళేవాణ్ణి. పగిలిన కాయ అంచులు సూదుల్లా ఉంటాయి, గోళ్ళ పక్కన చీరుకుపోతుంది. చాలా ఏళ్ళ తర్వాత బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ళ సంగీతం) పాడుతూ గిటార్ వాయించిన బి.బి. కింగ్ గురించి చదివాను. 1925లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, ఇట్టా బెనా అనే ఊరి దగ్గర పుట్టాడు. పత్తి తీశాడు, ట్రాక్టర్ తోలాడు. ఆయనకి మొదటి మూడు కార్డులు నేర్పింది కూడా చర్చి పాస్టరే. చదువుతూ చదువుతూ ఆగిపోయి, నా వేళ్ళ వంక చూసుకున్నాను.

అందుకే చర్చిలో వాయించే పిల్లలు వచ్చి "అన్నా, బ్లూస్ ఎలా వాయించాలి?" అంటే, మీకు సగం వచ్చేసినట్టే అంటాను. ఆ మూడు కార్డులే: ఏ, డి, ఈ. పక్కన సెవెన్ చేర్చుకోండి, అంటే ఏ7, డి7, ఈ7. మొత్తం పన్నెండు బార్లు, బార్ అంటే నాలుగు దెబ్బల ఆవృతం. ఏ నాలుగు బార్లు, డి రెండు, మళ్ళీ ఏ రెండు. తర్వాత ఈ, డి, ఏ ఒక్కొక్కటి. చివరి బార్‌లో మళ్ళీ ఈ, అది మిమ్మల్ని మొదటికి తీసుకొస్తుంది. పాటలో ఒక మాట అంటారు, అదే మాట ఇంకోసారి అంటారు, మూడోసారి దానికి జవాబు చెబుతారు. ప్రతి మాట తర్వాతా కాస్త ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ గిటార్‌ది. నాట్లప్పుడు ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకున్నట్టే. బి.బి. కింగ్ పాడేటప్పుడు వాయించేవాడు కాదు, వాయించేటప్పుడు పాడేవాడు కాదు. మీరూ అలాగే చేయండి. నోరు ఆగాకే చెయ్యి కదలాలి.

ఇక అసలు పని. ఫోన్‌లో తంబురా యాప్ పెట్టి ఆరు శ్రుతికి కలపండి, అదే ఏ. సన్న స్ట్రింగ్ వైపు నుంచి రెండోది, బి స్ట్రింగ్ మీద 10వ ఫ్రెట్‌ని (నెక్, అంటే గిటార్ మెడ మీది అడ్డ కమ్మీ) చూపుడు వేలితో నొక్కండి. అది మీ షడ్జమం, అంటే స. ఒక్కసారి మీటి, అది ఆరిపోయేదాకా వినండి. ఇప్పుడు బొటనవేలిని నెక్ వెనక నుంచి పూర్తిగా తీసేయండి. చెయ్యంతా ఆ ఒక్క వేలికొస మీదే నిలబడాలి. మిగతా వేళ్ళు విప్పి వదిలేయండి. మణికట్టుని, బీరువాలో తాళంచెవి అటూ ఇటూ తిప్పినట్టు తిప్పండి. వేలు తోయకూడదు, జారకూడదు. స్వరం ముందు తిన్నగా నిలవాలి, ఆ తర్వాతే ఊగాలి. మీటీ మీటగానే వణికిస్తే అది ఏ స్వరమో చెవికి అందదు.

ఈ ఊపు ఆయనకి ఎలా వచ్చిందో తెలిస్తే ఓపిక పెరుగుతుంది. ఆయన బంధువు బుక్కా వైట్ స్లయిడ్‌తో, అంటే స్ట్రింగ్ మీద గొట్టం జార్చి వాయించేవాడు. బి.బి. కింగ్‌కి అది పట్టుబడలేదు. ఆ ధ్వని మాత్రం చెవిలో ఉండిపోయింది. దాన్ని వట్టి వేలితో తెచ్చుకోవాలని చూస్తే ఈ ఊపు పుట్టింది.

రెండో పాఠం బెండ్, అంటే స్ట్రింగ్‌ని పక్కకి తోసి స్వరం పెంచడం. అదే స్ట్రింగ్ మీద 12వ ఫ్రెట్, అంటే చతుశ్రుతి రిషభం (పెద్ద రి). ఉంగరం వేలితో నొక్కి, వెనక రెండు వేళ్ళు ఆసరా ఇచ్చి పైకి తోయండి. అర మెట్టు (ఒక ఫ్రెట్ అంత) ఎక్కితే సాధారణ గాంధారం (చిన్న గ), ఒక మెట్టు (రెండు ఫ్రెట్లంత) ఎక్కితే అంతర గాంధారం (పెద్ద గ). బ్లూస్ ఆ రెండింటి మధ్య ఉంటుంది. ముందు గొంతుతో ఆ చోటు పట్టుకుని, తర్వాత స్ట్రింగ్‌ని అక్కడికి తీసుకెళ్ళండి. హార్మోనియం మీద వెతికితే దొరకదు, మెట్టుకీ మెట్టుకీ మధ్య చోటు అక్కడ లేదు. వీణ విన్నవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది.

బలం మాత్రం పెట్టకండి. నేను మొదట కొన్న గిటార్‌కి స్ట్రింగ్స్ ఫ్రెట్ల మీద బాగా ఎత్తుగా ఉండేవి. పైగా 12 గేజ్ (స్ట్రింగ్ లావు కొలత). లావు స్ట్రింగ్ అయితేనే సౌండ్ అని షాపతను చెబితే నమ్మాను. ఉంగరం వేలి కొస చీలి వారం రోజులు అన్నం కలుపుకోలేకపోయాను. 10 గేజ్ వేయించండి, ఎత్తు తగ్గించమని అడగండి. అకౌస్టిక్ (కరెంటు లేని గిటార్) అయితే అర మెట్టు బెండ్‌తోనే మొదలుపెట్టండి. వాయించాక పొడిగుడ్డతో తుడవాలి, మన ఎండకి పట్టే చెమటకి స్ట్రింగ్స్ త్వరగా తుప్పు పడతాయి.

ప్రోగ్రాం దొరకడం లేదని దిగులు పడేవాళ్ళకి ఒక మాట. బి.బి. కింగ్ మెంఫిస్ నగరం వెళ్ళి డబ్ల్యూడీఐఏ రేడియోలో చేరినప్పుడు దొరికింది పది నిమిషాల కార్యక్రమం, అందులో ఒక టానిక్‌కి ప్రకటన పాట పాడటం. చిన్నదని వదల్లేదు. బి.బి. అన్న పేరు ఆ రేడియో రోజుల్లోనే వచ్చింది. 1956లో ఒక్క ఏడాదిలో 342 కచేరీలు చేశాడు. కాబట్టి పెళ్ళి రిసెప్షన్ అయినా, క్రిస్మస్ ఆరాధన అయినా వెళ్ళండి. ఖాళీ దొరికిన చోట ఒక్క స్వరం పెట్టి రండి.

ఈ రెండూ నెల రోజులు చేశాక ఆయన పాట 'ద థ్రిల్ ఈజ్ గాన్' పెట్టుకోండి. 1969లో రికార్డు చేశాడు. అది బి మైనర్, కాబట్టి మీ షడ్జమం 10 నుంచి 12వ ఫ్రెట్‌కి జరుగుతుంది. ఇందులో గాంధారం పూర్తిగా సాధారణ గాంధారమే. మొదట్లో గిటార్ పలికే మాటలు వినండి, ఆపండి, గొంతుతో అనండి. గొంతు సరిగ్గా పలికిన తర్వాతే గిటార్ ఒళ్ళోకి తీసుకోండి.