లినక్స్‌లో కచేరీని రికార్డు చేయడానికి తగిన మల్టీట్రాక్ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడం

కర్ణాటక సంగీత కచేరీని రికార్డు చేసేటప్పుడు గాత్రానికి ఒక మైకు, వయొలిన్‌కు ఒకటి, మృదంగం కుడి ఎడమలకు రెండు, ఘటానికి ఒకటి, తంబురకు మరొకటి పెట్టి, ప్రతి మైకు శబ్దాన్నీ వేరువేరు ట్రాకులుగా నిలుపుకొంటే, ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని వాటి పాళ్లు సరిచూసుకోవచ్చు. లినక్స్ మీద ఈ పని చేయగల సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం ఉచితం. అయితే ఎవరో మెచ్చుకున్నారని ఒకదాన్ని ఎక్కించుకునే ముందు, ఒకేసారి ఎన్ని మైకుల శబ్దాన్ని పట్టుకోవాలో తేల్చుకోవాలి. ఒకరు పాడిన తర్వాత మరొకరు దానిని వింటూ వాయించే ఇంటి రికార్డింగ్‌కు ఒకటి రెండు ఇన్‌పుట్లు చాలు. అందరూ కలిసి కూర్చుని పాడే కచేరీకి పైన చెప్పిన లెక్క ప్రకారం కనీసం ఆరు కావాలి, అంటే ఎనిమిది ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుల శబ్దాన్ని కంప్యూటర్‌కు చేర్చే పరికరం) అవసరమవుతుంది.

ఆ ఇంటర్‌ఫేస్ లినక్స్‌తో పనిచేయకపోతే ఎంత మంచి సాఫ్ట్‌వేరైనా చేయగలిగింది ఏమీ లేదు. యూఎస్‌బీ ఆడియో క్లాస్ ప్రమాణాన్ని పాటించే పరికరాలను లినక్స్ మూలభాగమైన కెర్నల్‌లోని సాధారణ డ్రైవరే గుర్తిస్తుంది కనుక, కొనేముందు ఆ మాట పరికరం వివరాల్లో ఉందో లేదో చూడాలి. తయారీదారు ఇచ్చే ప్రత్యేక డ్రైవరు లేనిదే నడవని పరికరాల జోలికి పోకపోవడం మేలు, ఎందుకంటే ఆ డ్రైవర్లు సాధారణంగా విండోస్, మ్యాక్‌ల కోసమే తయారవుతాయి.

శబ్దం ఇంటర్‌ఫేస్ నుండి సాఫ్ట్‌వేర్ దాకా వచ్చే దారిని కూడా కొంత తెలుసుకోవాలి. అడుగున కెర్నల్‌లో భాగమై, శబ్ద పరికరాలను నడిపే ఆల్సా ఉంటుంది. దాని మీద, ఒక ప్రోగ్రాము శబ్దాన్ని మరొక ప్రోగ్రాముకు తక్కువ ఆలస్యంతో అందించడానికి జాక్ అనే సర్వరును చాలాకాలం వాడారు. ఇప్పుడు పైప్‌వైర్ అదే పనిని, మామూలు డెస్క్‌టాప్ శబ్దాల పనిని కలిపి చేస్తున్నది. లినక్స్ పంపిణీల్లో 2021లో ఫెడోరా 34 దీనిని డీఫాల్టుగా తీసుకోగా, 2022లో ఉబుంటు 22.10 అదే బాట పట్టింది. జాక్ కోసం రాసిన ప్రోగ్రాములు మార్పు లేకుండా పైప్‌వైర్ మీద నడుస్తాయి కనుక కొత్తగా మొదలుపెట్టేవారు జాక్‌ను విడిగా అమర్చుకునే శ్రమ పడనక్కరలేదు.

ఆలస్యం గురించి చాలామంది అవసరానికి మించి ఆందోళన పడతారు. సెకనుకు 48,000 శాంపిళ్ల (శబ్దం కొలతల) వేగంతో 128 శాంపిళ్ల బఫరు, అంటే శబ్దాన్ని పోగుచేసి విడతగా పంపే తాత్కాలిక నిల్వ, పెడితే ఆ ఒక్క బఫరు వల్ల కలిగే ఆలస్యం 2.7 మిల్లీసెకన్లు, 1024 పెడితే 21 మిల్లీసెకన్లు. కచేరీలో కళాకారులు తమ శబ్దాన్ని కంప్యూటర్ ద్వారా వినరు కాబట్టి ఈ 21 మిల్లీసెకన్లు ఎవరికీ అడ్డు రావు. పైగా బఫరు పెద్దదైతే ప్రాసెసరుకు ఊపిరి ఆడి, మధ్యలో శబ్దం తెగిపోయే ప్రమాదం బాగా తగ్గుతుంది. పాడుతున్న కీర్తనలో అరక్షణం తెగిపోతే దానిని తిరిగి తెచ్చే మార్గం లేదు. అందుచేత కచేరీకి పెద్ద బఫరే పెట్టాలని నా గట్టి అభిప్రాయం. ముందే రికార్డైన ట్రాకును హెడ్‌ఫోన్లలో వింటూ దాని మీద పాడేటప్పుడు మాత్రం చిన్న బఫరు కావాలి, లేదా శబ్దాన్ని కంప్యూటర్ దాకా పంపకుండానే వినిపించే, ఇంటర్‌ఫేస్‌లోని డైరెక్ట్ మానిటరింగ్ సదుపాయాన్ని వాడుకోవాలి. రియల్‌టైమ్ పనులకు, అంటే నిర్ణీత సమయం దాటకుండా జరగాల్సిన పనులకు, ఉద్దేశించిన మార్పులు 2024లో వచ్చిన 6.12 కెర్నల్‌తో లినక్స్ ప్రధాన శాఖలోకి చేరాయి. అయినా ఇలాంటి కచేరీ రికార్డింగ్‌కు, వాడుకరికి రియల్‌టైమ్ ప్రాధాన్య అనుమతి (శబ్దం పనిని మిగతా పనులకంటే ముందు నడిపే హక్కు) ఉంటే, మామూలు కెర్నలే సరిపోతుంది.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టి 2000లో విడుదలైన ఆడాసిటీ చాలామందికి పరిచితమే. ఒకటి రెండు మైకులతో పాఠాలు, ఉపన్యాసాలు, ఒంటరి గాత్రం రికార్డు చేయడానికి అంతకంటే సులువైనది లేదు. 2022లో వచ్చిన 3.2 సంచిక నుండి, శబ్దాన్ని శాశ్వతంగా మార్చకుండానే వింటూ ఎఫెక్టులు వేసుకునే వీలు కూడా కలిగింది. అయితే ప్రతి ఇన్‌పుట్‌ను ఏ ట్రాకుకు పంపాలి, నాలుగైదు ట్రాకులను ఒక బస్‌లో (ట్రాకుల శబ్దాలు కలిసే ఉమ్మడి దారిలో) కలిపి వాటి స్థాయిని ఒకే చోట ఎలా దించాలి అన్న పనులకు అది పుట్టలేదు. ఆరు మైకుల కచేరీని దానితో మిక్స్ చేయబోతే శ్రమ అంతా సాఫ్ట్‌వేర్‌తో పెనుగులాటకే పోతుంది.

అటువంటి పనికి నేను సూచించేది ఆర్డౌర్. జాక్‌ను రాసిన పాల్ డేవిసే దీనినీ మొదలుపెట్టారు, కనుక శబ్దాన్ని ఎక్కడినుండి ఎక్కడికైనా మళ్లించగల స్వేచ్ఛ దీని నిర్మాణంలోనే ఉంది. ఇంటర్‌ఫేస్‌ను ఆల్సా ద్వారా నేరుగా తీసుకోగలదు. అప్పుడు మరే ప్రోగ్రామూ ఆ పరికరాన్ని తాకలేదు, బ్రౌజరు శబ్దమో మరొకటో మధ్యలో చొరబడే అవకాశం ఉండదు. ఒక్కొక్క ట్రాకును విడి వేవ్ ఫైలుగా డిస్కు మీద రాస్తుంది, ఎక్కడ ఏది ఉందో చెప్పే సెషన్ వివరాన్ని ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపంలో దాస్తుంది. ఈ ఏర్పాటు వల్లనే దీని మీద నాకు నమ్మకం ఎక్కువ: పదేళ్ల తర్వాత ఆర్డౌర్ అందుబాటులో లేకపోయినా ఆ వేవ్ ఫైళ్లను ఏ ప్రోగ్రామైనా తెరుస్తుంది. పెద్దవారి గాత్రాన్ని భద్రపరచాలనుకునే కుటుంబాలకు, సంగీత సభలకు ఇది చిన్న విషయం కాదు. ఆర్డౌర్ వెబ్‌సైటు నుండి సిద్ధంగా ఉన్న ప్రోగ్రామును దించుకోవాలంటే కొంత సొమ్ము చెల్లించాలి, అక్కడి ఉచిత నమూనా కొంతసేపటికి శబ్దాన్ని ఆపేస్తుంది. డెబియన్, ఉబుంటు, ఫెడోరాల భాండాగారాల నుండి మాత్రం పూర్తి ప్రోగ్రామును ఉచితంగా ఎక్కించుకోవచ్చు. మొదటిసారి తెరిచినప్పుడు తెర నిండా మీటలు కనబడి బెదురు పుడుతుంది కానీ, కచేరీకి వాటిలో పదోవంతు కూడా అవసరం పడవు.

మిగిలినవాటిలో క్యూట్రాక్టర్ తేలికైనది, పాత కంప్యూటర్ల మీద బాగా నడుస్తుంది. ఎల్‌ఎమ్‌ఎమ్‌ఎస్ (లినక్స్ మల్టీమీడియా స్టూడియో) కృత్రిమ వాద్యాలతో పాట కట్టేవారి కోసం తయారైంది, దాని స్థిర సంచికలు మైకు నుండి రికార్డు చేయవు కాబట్టి పేరు చూసి పొరబడవద్దు. రీపర్ ఓపెన్ సోర్స్ కాదు కానీ లినక్స్‌కు నేరుగా లభిస్తుంది, అరవై రోజులు పరీక్షించి చూడనిస్తుంది. విండోస్‌లో దానికి అలవాటుపడినవారు లినక్స్‌కు మారేటప్పుడు దానినే కొనసాగించడంలో తప్పులేదు.

మన సంగీతానికి సంబంధించి మరొక మాట చెప్పాలి. ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో చాలావరకు మెట్రోనోమ్‌కు లోబడిన బీట్ల గడులను ముందు పెట్టుకుని నడుస్తాయి. ఆలాపనకు తాళమే లేదు, కృతిలో కూడా కాలప్రమాణం కళాకారుల చేతిలో ఉంటుంది గాని యంత్రం చేతిలో ఉండదు. కాబట్టి ఆర్డౌర్‌లో గడులకు అతుక్కునే స్నాప్ సదుపాయాన్ని ఆపివేసి, బార్లకు బదులు నిమిషాలు, సెకన్లు చూపే కొలబద్దను పెట్టుకోవాలి. మృదంగం శబ్దం గాత్రం మైకులో కూడా పడుతుంది కనుక ఏ ఒక్క ట్రాకునూ విడిగా కత్తిరించి జరపకూడదు. అలా చేస్తే ఒకే దెబ్బ రెండుసార్లు వినబడుతుంది. అన్ని ట్రాకులనూ ఒక గ్రూపులో చేర్చి కత్తిరించినప్పుడే అవి కలిసి కదులుతాయి. గ్రూపు ఏర్పాటు సులువుగా లేని సాఫ్ట్‌వేర్‌ను కచేరీకి ఎంచుకోవద్దు.

ఆర్డౌర్ డీఫాల్టుగా వాడే 32 బిట్ ఫ్లోట్ అనే నమోదు పద్ధతిలో ఒక్క ట్రాకుకు గంటకు దాదాపు 700 మెగాబైట్లు పడతాయి, అంటే ఆరు ట్రాకుల రెండున్నర గంటల కచేరీకి పది గిగాబైట్లకు పైచిలుకు. కనీసం ముప్పై గిగాబైట్లు ఖాళీగా ఉంచుకోవాలి. ఎంపిక ఖరారు చేసుకునే ముందు, కచేరీకి కొన్ని రోజుల ముందుగానే, అన్ని ఇన్‌పుట్లకూ మైకులు తగిలించి, వైఫై ఆపి, రెండు గంటల పాటు ఆపకుండా రికార్డు చేసి చూడాలి. ఆ వ్యవధిలో ఆర్డౌర్ పై పట్టీలో చూపే ఎక్స్‌రన్ల (బఫరు సమయానికి అందక శబ్దం తెగిన సందర్భాల) సంఖ్య సున్నా దగ్గరే ఉండాలి. పెరిగితే బఫరు పెంచి మళ్లీ పరీక్షించాలి. తర్వాత సెషన్ ఫోల్డరును బయటి డిస్కులోకి కాపీ చేసి, మరొక కంప్యూటర్‌లో ఆడాసిటీతో అందులోని వేవ్ ఫైళ్లను తెరిచి, ఆరు ట్రాకులూ మొదటి నుండి చివరి దాకా వినబడుతున్నాయో లేదో చూసుకోవాలి.